ప్యాకేజీలూ పలకలూ: లినక్స్ డెస్క్‌టాప్ గతం

2007లో టూమో వాల్కొనెన్ అనే ఫిన్లాండ్ ప్రోగ్రామర్ తన 'అయాన్' లైసెన్సుకు ఒక షరతు జోడించాడు. అయాన్ అన్న పేరుతోనే దాన్ని ఎవరైనా పంచాలనుకుంటే, ఆయన కొత్త విడుదల తెచ్చిన 28 రోజుల్లోగా ఆ కొత్తదాన్నే అందించాలి. చేతకాకపోతే పేరు మార్చి పంచుకోవాలి. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌లో ఇలాంటి గడువును నేను అంతకుముందు ఎక్కడా చూడలేదు.

అయాన్ ఒక విండో మేనేజర్. 2000లో మొదలైంది. తెరిచిన విండోలు ఒకదానిమీదొకటి పడకుండా, గచ్చుమీద షాబాద్ బండలు పరిచినట్టు, సందు వదలకుండా పక్కపక్కన పరుస్తుంది. దీన్నే టైలింగ్ అంటాం. ఆయనకు కోపం వచ్చింది ప్యాకేజీల దగ్గర. తాను ఇంకా చెక్కుతున్న ప్రయోగ ప్రతిని లినక్స్ డిస్ట్రోలు తీసుకుని, తమ స్టేబుల్ విడుదలలో బిగించేసి, ఏళ్ల తరబడి దాన్నే ఇస్తాయి. ఆయన ఎప్పుడో సరిచేసిన తప్పు గురించి వాడేవాళ్లు మళ్లీ ఆయనకే ఉత్తరాలు రాస్తారు. విసిగిపోయి ఆ షరతు పెట్టాడు. అలాంటి షరతున్న లైసెన్సు డెబియన్ అనే డిస్ట్రో నియమాలకు సరిపడదు కాబట్టి అయాన్ మూడో వెర్షన్ వాళ్ల ప్రధాన భాండాగారం నుంచి బయటికి పోయింది. తర్వాత ఆయన ఆ పనే మానేశాడు. మిగిలినవాళ్లు 'నోషన్' అని పేరు మార్చి దాన్ని నిలబెట్టుకున్నారు.

ప్యాకేజింగ్ గురించీ టైలింగ్ గురించీ రాసేవాళ్లు రెంటినీ వేరువేరు సంగతులుగా చూస్తారు. వరంగల్‌లో కాలేజీ ల్యాబ్ చూసుకుంటూ చాలా ఏళ్లుగా ఈ రెంటితోనూ కాపురం చేసిన నాకు అవి ఒకే తగాదాగా కనిపిస్తాయి. డిస్కులోనైనా తెరమీదైనా ఉన్నది కొంచెం చోటు. దాన్ని కలిసి వాడుకోవాలా, ఎవరి వాటా వారికి కోసి ఇవ్వాలా? ఆ సర్దుబాటు ఎవరు చేయాలి? చోటు కరువుగా ఉన్నప్పుడు మనవాళ్లు ఒక జవాబు చెప్పారు. చోటు పెరిగాక ఆ జవాబును తిరగరాయడం మొదలుపెట్టారు.

తెర సంగతి ముందు చెబుతాను. టైలింగ్ ఈ తరం ఫ్యాషనని మా విద్యార్థులు అనుకుంటారు. అది విండోలంత పాతది. 1981 ఏప్రిల్‌లో జిరాక్స్ సంస్థ 'స్టార్' అనే ఆఫీసు కంప్యూటర్‌ను విడుదల చేసింది. 17 అంగుళాల తెర, దాదాపు 1024 × 800 చుక్కలు. అందులో పత్రాల విండోలు ఒకదానిమీదికి ఒకటి ఎక్కవు. అదే సంస్థ పరిశోధనశాలలో స్మాల్‌టాక్ బృందం అప్పటికే విండోలను ఒకదానిపై ఒకటి పేర్చి చూపించినా, స్టార్ తయారుచేసినవాళ్లు పరిచే పద్ధతినే ఎంచుకున్నారు. 1985 నవంబరులో వచ్చిన మైక్రోసాఫ్ట్ విండోస్ తొలి వెర్షన్ కూడా టైలింగే. డైలాగ్ పెట్టెలు తప్ప మరేదీ ఇంకోదాని మీదికి వచ్చేది కాదు. 1987 చివర వచ్చిన రెండో వెర్షన్‌తో పేర్చే పద్ధతి వచ్చేసింది. ఆ తర్వాత మామూలు జనం టైలింగ్ అన్నది ఒకటుందనే మరిచిపోయారు.

ఎందుకు మరిచిపోయారో చెప్పడం కష్టం కాదు. ఆనాటి పీసీ తెరల్లో 640 × 350 చుక్కలుంటే మేలైన రకం. దాన్ని నిలువుగా రెండు ముక్కలు చేస్తే ఏ ముక్కలోనూ ఒక పూర్తి వరుస పట్టదు. అందుకని ఒకటి వెనక ఒకటి దాచుకోవడం నేర్చారు. 1986లో సారా బ్లై, జారెట్ రోసెన్‌బర్గ్ అనే పరిశోధకులు రెండు పద్ధతులనూ మనుషుల చేత వాడించి చూశారు. విండోలను పెద్దగా కదపక్కర్లేని పనుల్లో పరిచే పద్ధతి వేగంగా ఉంది. ఎక్కువగా కదపాల్సిన పనుల్లో పేర్చే పద్ధతి మెరుగైంది, అదీ చేయి తిరిగినవాళ్లకే. ఇన్నేళ్ల తర్వాత మా ల్యాబ్‌లోనూ నాకు కనిపించేది అదే. కోడ్ రాసేవాళ్లకూ వ్యాసాలు టైపు చేసేవాళ్లకూ టైలింగ్ కలిసివస్తుంది. గింప్‌లో బొమ్మలు దిద్దే పిల్లకు అది అడ్డం.

లినక్స్‌లో టైలింగ్ బతకడానికి కారణం ఎంఐటీలో 1984లో బాబ్ షైఫ్లర్, జిమ్ గెటీస్ మొదలుపెట్టిన 'ఎక్స్' విండో వ్యవస్థ. 1987 సెప్టెంబరులో వచ్చిన దాని పదకొండో వెర్షన్ నేటికీ వాడుకలో ఉంది. విండోలను ఎక్కడ పెట్టాలో, వాటికి అంచులు ఎలా ఉండాలో ఎక్స్ నిర్ణయించదు. ఆ పనిని విండో మేనేజర్ అనే ఒక విడి ప్రోగ్రాముకు వదిలేసింది. నచ్చకపోతే దాన్ని తీసేసి ఇంకోటి పెట్టుకోవచ్చు. నా దృష్టిలో డెస్క్‌టాప్ చరిత్రలో ఇంత ఉదారమైన నిర్ణయం మరొకటి లేదు. దానివల్లే ఒక మనిషి తన గదిలో కూర్చుని తనకు కావలసిన డెస్క్‌టాప్ తానే రాసుకోగలిగాడు. మౌస్‌తో పనే లేకుండా షాన్ బెట్స్ రాసిన ర్యాట్‌పాయిజన్, వాల్కొనెన్ అయాన్, ఆన్సెల్మ్ గార్బే మొదలుపెట్టిన డబ్ల్యూఎంఐఐ, 2006లో ఆయనదే డీడబ్ల్యూఎం, 2007లో దాన్నుంచి చీలిన ఆసమ్, అదే ఏడు హాస్కెల్ భాషలో వచ్చిన ఎక్స్‌మోనాడ్ అలా పుట్టాయి.

వీటిలో రెండు, ప్యాకేజీలు కట్టేవాళ్లను బాగా ఇరుకున పెట్టాయి. డీడబ్ల్యూఎంలో సోర్సు రెండువేల వరుసలు దాటకూడదన్నది రచయితలు తమకు తాము పెట్టుకున్న హద్దు. అందుకని దానికి సెట్టింగుల ఫైలే ఉండదు. రంగు మార్చాలన్నా, మీట మార్చాలన్నా ఒక హెడర్ ఫైలు దిద్ది మళ్లీ కంపైల్ చేయాలి. అలాంటిదాన్ని డిస్ట్రో ఒకే ప్యాకేజీగా కట్టి అందరికీ ఇస్తే అది ఎవరికీ సరిపోదు. ఎక్స్‌మోనాడ్ మొదట్లో వెయ్యి వరుసల లోపు ప్రోగ్రాము. అయినా దాని సెట్టింగులు కూడా హాస్కెల్ కోడే కాబట్టి, దాన్ని మలుచుకోవాలంటే ఆ భాష కంపైలర్ మొత్తం దిగాలి. వందల ఎంబీలు! మా కాలేజీ కనెక్షన్ మీద అది ఒక రాత్రి పని.

ఇక డిస్కు సంగతి. 1993 జులైలో ప్యాట్రిక్ వోల్కర్‌డింగ్ స్లాక్‌వేర్ విడుదల చేశాడు. అందులో ప్యాకేజీ అంటే కుదించిన ఒక ఫైలు, దాన్ని విప్పి సర్దే ఒక స్క్రిప్టు. ఏది లేకపోతే ఏది పనిచేయదో అది చెప్పదు. ఇవాళ్టికీ చెప్పదు. ఆ తర్వాతి నెలలోనే ఇయాన్ మర్డాక్ డెబియన్ ప్రకటించాడు. అక్కడ డీప్యాకేజ్ ప్రోగ్రాము ప్రతి ప్యాకేజీకీ ఒక చీటీ తగిలించింది: నాకు ఫలానా లైబ్రరీ కావాలి, ఫలానా వెర్షన్ కావాలి అని. 1995లో రెడ్ హ్యాట్ నుంచి మార్క్ యూయింగ్, ఎరిక్ ట్రోన్ ఆర్పీఎం తెచ్చారు.

లైబ్రరీలు పంచుకోవడం వెనకున్నది పేదరికం. పది ప్రోగ్రాములకు కావలసిన కోడ్ ఒక్కసారే డిస్కులో ఉంటే చోటు మిగులుతుంది, మెమరీ మిగులుతుంది, డౌన్‌లోడ్ తగ్గుతుంది. కానీ పంచుకున్నది మారితే పదీ ఒక్కసారి కదులుతాయి. 1997, 98 ప్రాంతాల్లో సీ లైబ్రరీ పాతదాన్నుంచి కొత్తదానికి మారినప్పుడు పాత ప్రోగ్రాములు వరసగా మొరాయించాయి. ఒక ఆర్పీఎం దింపితే అది ఇంకోటి అడిగేది, అది మరో రెండు అడిగేది. 'డిపెండెన్సీ రాలేదు' అన్న మాట అప్పట్లో మా ల్యాబ్‌లో రోజూ వినిపించేది.

1999 మార్చిలో డెబియన్ 2.1తో ఏపీటీ వచ్చింది. ఒక పేరు చెబితే దానికి కావలసిన సమస్తాన్నీ అదే వెతికి, వరసలో పెట్టి, దింపి సర్దింది. ఆర్పీఎం వైపు డ్యూక్ విశ్వవిద్యాలయంలో సెత్ విడాల్ చేతుల్లో యమ్ రూపుదిద్దుకున్నాక వాళ్లకూ ఆ సుఖం దక్కింది. డెబియన్ 1996లో 1.1 విడుదల చేసినప్పుడు 474 ప్యాకేజీలు. 2023లో 12వ విడుదలకు అవి 64,419. ఇన్నింటిని జీతం లేని స్వచ్ఛంద మెయింటైనర్లు ఒకదానికొకటి పొసిగేలా నిలబెట్టారన్న సంగతి తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

మన ఊళ్లకు ఇది సీడీల మీద వచ్చింది. 1996లో పీసీక్వెస్ట్ పత్రిక తన సంచికతో లినక్స్ సీడీ ఇచ్చింది. ఉబుంటు డిస్ట్రో వచ్చాక దాన్ని నడిపేవాళ్లు అడిగినవాళ్లందరికీ సీడీలు ఉచితంగా పోస్టులో పంపేవాళ్లు. ఆ సదుపాయం 2011 ఏప్రిల్‌లో ఆగిపోయింది. సీడీల రోజుల్లో మా ల్యాబ్ యంత్రాల్లో 256 ఎంబీ ర్యామ్, 15 అంగుళాల సీఆర్టీ తెరలు, 1024 × 768 చుక్కలు. అంటే స్టార్ వచ్చిన రెండు దశాబ్దాలకు కూడా మా పిల్లల తెర ఎత్తు స్టార్ కంటే తక్కువే. ఇంటర్నెట్ ఉన్న ఒక్క యంత్రంలో ప్యాకేజీలు దింపి, ఏపీటీ దాచిపెట్టే ఫోల్డర్‌లోంచి డెబ్ ఫైళ్లన్నీ పెన్‌డ్రైవ్‌కు ఎక్కించి మిగతా యంత్రాలకు మోసేవాళ్లం. ఆ పనికోసమే 'ఏపీటీ ఆన్ సీడీ' అనే చిన్న ప్రోగ్రాము ఉండేది. హాస్టల్ పిల్లలు దానితో సీడీలు రాసి ఊళ్లకు పట్టుకెళ్లేవాళ్లు. ఇంటర్నెట్ లేని ఇంట్లో కూడా ప్యాకేజీ తన చీటీ చదివి తన సరంజామా తానే సరిచూసుకునేది. పంచుకునే పద్ధతి విలువ నేను తెలుసుకున్నది అక్కడే.

దాని అసలు బలం భద్రతలో ఉంది. 2014 ఏప్రిల్‌లో ఓపెన్ఎస్ఎస్ఎల్ లైబ్రరీలో హార్ట్‌బ్లీడ్ అనే కంత బయటపడింది. డెబియన్ ఒక్క లైబ్రరీ ప్యాకేజీని సరిచేసి పంపింది. దాన్ని వాడుకునే ప్రోగ్రాములను తిరిగి నడిపిస్తే చాలు, అన్నింటికీ ఆ కంత పూడిపోయింది. ఇలా మధ్యలో ప్యాకేజీ కట్టే మెయింటైనర్ వల్లే నష్టం జరిగిన రోజూ ఉంది. అదే లైబ్రరీలో 2006లో డెబియన్ వైపు చేసిన ఒక సవరణ వల్ల యాదృచ్ఛిక సంఖ్యలు పుట్టే చోటు బలహీనపడి, ఒక్కో రకంలో తయారవగల తాళంచెవులు దాదాపు 32 వేలకు పడిపోయాయి. 2008 మే దాకా ఎవరూ కనిపెట్టలేదు. ప్రోగ్రాములు రాసేవాళ్ల ఫిర్యాదు ఇంకో రకం. ఎక్స్‌స్క్రీన్‌సేవర్ రచయిత జేమీ జావిన్‌స్కీ, డెబియన్ తన పాత వెర్షన్‌నే ఇస్తోందని 2016లో తన ప్రోగ్రామును తీసేయమన్నాడు. వాల్కొనెన్ బాధ అదే. అంతకు రెండేళ్ల ముందు పోర్ట్‌లాండ్‌లో జరిగిన డెబియన్ సమావేశంలో లినక్స్ సృష్టికర్త లినస్ టోర్వాల్డ్స్ కూడా ప్యాకేజీల గురించే ఫిర్యాదు చేశాడు. డైవింగ్ చేసేవాళ్లకోసం తాను రాసిన సబ్‌సర్ఫేస్‌ను విండోస్‌కూ మ్యాక్‌కూ ఒక్కొక్కటి కట్టి ఇస్తే సరిపోతోందనీ, లినక్స్‌కు మాత్రం ప్రతి డిస్ట్రోకూ విడిగా కట్టాల్సి వస్తోందనీ ఆయన గోడు.

డిస్కులు చవకయ్యాక ఎవరి సరంజామా వారే తెచ్చుకునే పద్ధతి బలపడింది. సైమన్ పీటర్ 2004లో క్లిక్ పేరుతో మొదలుపెట్టినది 2013 నాటికి యాప్‌ఇమేజ్ అయింది. ఒకే ఫైలు, దానికి నడిచే అనుమతి ఇచ్చి నొక్కితే చాలు. ఇన్‌స్టాల్ అక్కర్లేదు, అడ్మిన్ పాస్‌వర్డ్ అక్కర్లేదు. తనంత తాను అప్‌డేట్ కాదు, మిగతా సిస్టమ్‌కూ దానికీ మధ్య గోడా ఉండదు. కొత్త ప్రోగ్రామును పరీక్షించి చూడటానికి ఇంతకంటే హాయైనది లేదు.

ఉబుంటును తయారుచేసే కనానికల్ సంస్థ స్నాప్ అనే తన ప్యాకేజీ పద్ధతిని 2016 ఏప్రిల్‌లో ఉబుంటు 16.04తో డెస్క్‌టాప్‌కు తెచ్చింది. సర్వర్ ప్రోగ్రాములనూ కమాండ్ పనిముట్లనూ కూడా స్నాప్‌గా కట్టొచ్చు, అది దాని గొప్ప. కానీ దుకాణం ఒక్కటే, ఆ దుకాణం నడిపే సర్వర్ కోడ్ బయటపెట్టలేదు. 22.04లో ఫైర్‌ఫాక్స్‌ను స్నాప్‌గా మాత్రమే ఇచ్చారు. లినక్స్ మింట్ అంతకు ముందే, 2020లో, స్నాప్ తనంత తాను దిగకుండా అడ్డుకట్ట వేసింది. మింట్‌వాళ్ల నిర్ణయం సరైనదనే నేను అనుకుంటాను. ఏపీటీలో ఎవరి భాండాగారం (రెపో) వారు పెట్టుకోగలిగిన స్వేచ్ఛను ఒక్క దుకాణంతో మార్చుకోవడం మంచి బేరం కాదు.

ఫ్లాట్‌ప్యాక్ మధ్యేమార్గం పట్టింది. రెడ్ హ్యాట్‌లో పనిచేసే అలెగ్జాండర్ లార్సన్ 2007 నుంచీ ఇలాంటివే ఒకదాని తర్వాత ఒకటి రాస్తూ వచ్చాడు. చివరిదానికి 2016లో ఫ్లాట్‌ప్యాక్ అన్న పేరు స్థిరపడింది, 2018 ఆగస్టులో 1.0 వచ్చింది. గ్నోమ్, కేడీఈ లాంటి పెద్ద లైబ్రరీల మూటలను 'రన్‌టైమ్' పేరుతో ప్రోగ్రాములు పంచుకుంటాయి, మిగతావి ఎవరివి వారే తెచ్చుకుంటారు. రెపో ఎవరైనా పెట్టుకోవచ్చు. అయినా మూట కట్టడంలోని ప్రమాదం ప్రమాదమే. 2023 సెప్టెంబరులో బొమ్మలు చదివే లిబ్‌వెబ్‌పీ లైబ్రరీలో పెద్ద కంత దొరికినప్పుడు, దాన్ని తమ కడుపులో పెట్టుకుని తిరిగే యాప్‌లన్నీ ఒక్కొక్కటిగా కొత్త విడుదల తెచ్చుకోవాల్సి వచ్చింది.

ఈ రెండు కథలూ ఒకే మనిషిలో కలిసిన చోటు ఒకటుంది. జర్మనీకి చెందిన మైకేల్ స్టాపెల్‌బెర్గ్ 2009లో ఐ3 అనే టైలింగ్ విండో మేనేజర్ మొదలుపెట్టాడు. డబ్ల్యూఎంఐఐ రెండు మానిటర్లతో సరిగా పనిచేయకపోవడం, దాని కోడ్‌లో వ్యాఖ్యలు లేక అర్థం కాకపోవడం ఆయన్ని ఆ పనికి పురికొల్పాయి. సెట్టింగులు మామూలు టెక్స్ట్ ఫైలులో ఉంటాయి, మార్చి మళ్లీ చదివించమంటే చాలు, కంపైలర్ ఊసే లేదు. అన్నిటికంటే ముఖ్యం, దానికి మొదటి నుంచి చివరిదాకా చదవదగ్గ యూజర్ గైడ్ ఉంది. ఐ3 మిగతావాటికంటే ఎక్కువమందికి చేరడానికి కారణం ఆ గైడే అని నా నమ్మకం. దాన్ని అచ్చుతీసి ఇస్తే మా రెండో సంవత్సరం పిల్లలు ఎవరి సాయం లేకుండా నేర్చుకున్నారు.

స్టాపెల్‌బెర్గ్ డెబియన్ డెవలపర్‌గా కూడా పనిచేశాడు. డెబియన్ సోర్సు మొత్తాన్నీ వెతికి చూపే కోడ్ సెర్చ్ ఆయన కట్టినదే. 2019 మార్చిలో ఆయన డెబియన్ పని తగ్గించుకుంటున్నట్టు రాశాడు. ప్రతి ప్యాకేజీ దాని మెయింటైనర్ ఇష్టం కావడంతో ఒక మంచి మార్పు అంతటా పాకడానికి ఏళ్లు పడుతోందన్నది ఆయన ఆవేదన. ఊరికే తప్పుకోలేదు. అదే ఏడు 'డిస్ట్రి' అనే ప్రయోగ డిస్ట్రో రాసి చూపించాడు. అందులో ప్యాకేజీని విప్పి ఫైళ్లను చెల్లాచెదురుగా సర్దరు. కుదించిన మూటను ఉన్నది ఉన్నట్టే తగిలించి చదువుతారు. డౌన్‌లోడ్ ముగిసిందంటే ఇన్‌స్టాల్ ముగిసినట్టే. 2003లో నెదర్లాండ్స్‌లోని ఉట్రెఖ్ట్ విశ్వవిద్యాలయంలో ఎయెల్కో డోల్‌స్ట్రా నిక్స్ మొదలుపెట్టినప్పుడూ ఇదే ఆశయం: ఏ ప్యాకేజీ చోటు దానికి విడిగా ఉండాలి, ఒకదాని మీద ఒకటి పడి చెడిపోకూడదు. తెరమీద విండోలకు ఐ3 ఇచ్చే న్యాయమే డిస్కులో ప్యాకేజీలకు వీళ్లు ఇవ్వాలనుకున్నారు.

ఇప్పుడు ఎక్స్ స్థానంలోకి వేలాండ్ వస్తోంది. 2008లో క్రిస్టియన్ హోగ్స్‌బెర్గ్ దీన్ని మొదలుపెట్టాడు. ఇందులో విండో మేనేజర్ విడి ప్రోగ్రాము కాదు, తెరను నడిపే ప్రోగ్రాములో భాగం. ఒక్కడు కూర్చుని రాసే రోజులు పోయినట్టే అనుకున్నాం. డ్రూ డివాల్ట్ 2015లో స్వే అనే టైలింగ్ ప్రోగ్రాము మొదలుపెట్టి, తెర నడిపే కష్టమంతా డబ్ల్యూఎల్‌రూట్స్ అనే లైబ్రరీలోకి తెచ్చేలా చేయడంతో ఆ దారి మళ్లీ తెరుచుకుంది. 2019 మార్చిలో స్వే 1.0 వచ్చింది. ఐ3 సెట్టింగుల ఫైలును దాదాపు అలాగే తీసుకుంటుంది. మా పాత ఫైళ్లు పెద్దగా మార్పు లేకుండా దానిలో నడిచాయి.

తెలుగు రాసేవాళ్లకు ఈ ఎంపికలు ఇంకోలా తగులుతాయి. డీడబ్ల్యూఎం పైపట్టీ అక్షరాలను విడివిడిగా గీస్తుంది. ఒత్తులు కుదిర్చే ఏర్పాటు అందులో లేదు. తెలుగు ఫైలు పేరులో 'స్త్రీ' ఉంటే సకారం, పొల్లు, తకారం, పొల్లు విరిగి వరసగా కనిపిస్తాయి. ఐ3, స్వే పట్టీలు పాంగో లైబ్రరీ చేత గీయిస్తాయి కాబట్టి తెలుగు తెలుగులా ఉంటుంది. పోతన, వేమన ఫాంట్లు డెబియన్‌లో ప్యాకేజీగా ఉన్నాయి. ఫ్లాట్‌ప్యాక్ యాప్‌లకు కూడా సిస్టమ్‌లోని ఫాంట్లు కనిపిస్తాయి. ఆర్టీఎస్ లేఅవుట్‌తో టైపు చేయడానికి, ఐబస్ అనే టైపింగ్ పనిముట్టు ఆ యాప్‌లను సిస్టమ్ నుంచి వేరుచేసే గోడ దాటి లోపలికి వెళ్లే ద్వారం కూడా ఏర్పాటు చేశారు. కొత్త యంత్రం సిద్ధం చేసేటప్పుడు నేను ముందు చూసేది ఈ మూడే.

నా తీర్పు ఇది. విండో మేనేజర్‌ను ఫ్లాట్‌ప్యాక్ గోడల మధ్య కూర్చోబెట్టి నడిపించడం అయ్యే పని కాదు, అది సిస్టమ్ నడుమన ఉండాల్సింది. కాబట్టి ఐ3, స్వే లాంటివీ, ఫాంట్లూ, ఐబస్సూ డెబియన్ స్టేబుల్ నుంచి ఏపీటీతో తెచ్చుకోండి. గింప్, ఇంక్‌స్కేప్ లాంటివాటిలో కొత్త వెర్షన్ నిజంగా అవసరమైతేనే ఫ్లాట్‌ప్యాక్. ఒకసారి చూసి వదిలేయాలనుకుంటే యాప్‌ఇమేజ్. స్వేలో ఫ్లాట్‌ప్యాక్ యాప్ నుంచి స్క్రీన్ షేర్ చేయాలంటే డబ్ల్యూఎల్‌రూట్స్ కోసం రాసిన డెస్క్‌టాప్ పోర్టల్ ప్యాకేజీ కూడా వేసుకోవడం మరవకండి.

ఇంకొక్క మాట. ఎక్కడైనా తెలుగు ఒత్తు విరిగి కనిపిస్తే మరొక డిస్ట్రోకు మారిపోయి ఊరుకోకండి. డెబియన్‌లో 'రిపోర్ట్‌బగ్' అనే పనిముట్టు ఉంది. ప్యాకేజీ పేరు, వెర్షన్, విరిగిన పదం, అది ఎలా ఉండాలో చూపే బొమ్మ, ఇంగ్లీషులో రెండు వాక్యాలు చాలు. తెలుగు చదవలేని మెయింటైనర్‌కు ఆ తప్పు కంటికి ఆనదు. చెప్పాల్సింది మనమే.